హైదరాబాదు నుంచి డల్లాసుకు ఎంత దూరం, ఎంతసేపు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పుకునే అలవాటు తక్కువ. పాతపట్నం పావుగంట, టెక్కలి గంట, విశాఖపట్నం నాలుగు గంటలు అంటాము. ఇంట్లో ఎవరైనా ఊరికి బయలుదేరితే ఇరుగుపొరుగు తెలుగువారు "ఎంతసేపు పడుతుంది?" అని, ఒడియావారు "కెతే ఘొంటా లాగిబొ?" అని అడుగుతారే తప్ప ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగరు. మూడేళ్ళ క్రితం, కార్తీక పౌర్ణమి వెళ్ళిన మరుసటి వారంలో, మా అమ్మ డల్లాసులో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి ప్రయాణమైనప్పుడు కూడా వీధి వీధంతా అడిగినది ఆ ప్రశ్నే. నేను అందరికీ పదహారు గంటలని చెప్పాను. ఆ జవాబు తప్పు. ఆ తప్పు మూలంగా మరునాటి మధ్యాహ్నం మూడున్నర గంటలపాటు మా ఇంట్లో అందరమూ పడిన ఆందోళన నాకు ఇప్పటికీ గుర్తుంది. పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్న నాకు లెక్కలతో పెద్దగా పనిబడలేదు గాని, ఈ ఒక్క లెక్క మాత్రం మొదటి నుంచి చివరి వరకు తెలుసుకోవాలని ఆనాడే పట్టుబట్టి కూర్చున్నాను.

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరమూ, ప్రయాణకాలమూ చెప్పే పుటలు అంతర్జాలంలో చాలా ఉన్నాయి. హైదరాబాదు, డల్లాస్ అని ఇస్తే నాకు సుమారు 14,420 కిలోమీటర్లు, 8,960 మైళ్ళు, 7,785 నాటికల్ మైళ్ళు అని ఒకే దూరానికి మూడు అంకెలు వచ్చాయి. జెట్ విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, భాగిస్తే పదహారు గంటలు. అమ్మ చేతిలో ఉన్న టికెట్టు కాగితంలో మాత్రం హైదరాబాదులో బయలుదేరడం రాత్రి 10:00, డల్లాసు చేరడం మరునాడు ఉదయం 8:40 అని ఉంది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు అంకెలను వేలితో చూపి, "ఏటి నాయనా, పది గంటల నలభై నిమిషాలే కదా! రాత్రి పడుకుని లేచేసరికి చేరిపోతానా?" అని అడిగింది. ఆమె చేసిన తీసివేతలో పొరపాటు లేదు. నా భాగాహారంలోనూ పొరపాటు లేదు. అయినా రెండు జవాబులూ నిజానికి ఎంతో దూరంలో ఉన్నాయి.

నా లెక్క ప్రకారం మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు అమ్మ దిగాలి. రెండున్నరకు చెల్లెలికి ఫోను చేశాను, మోగింది, ఎత్తలేదు. మూడుకు, మూడున్నరకు, నాలుగుకు చేశాను, ఎత్తలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఇంగ్లీషు రాదు, మధుమేహం ఉంది. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఆమె అలా మాట్లాడకుండా కూర్చోవడమే నాకు మరింత భయం కలిగించింది. అయిదున్నరకు చెల్లెలు ఎత్తింది. "అన్నయ్యా, ఇక్కడ ఇప్పుడే ఉదయం ఆరయింది, ఫోను సైలెంటులో పెట్టి పడుకున్నాను. అమ్మ ఇంకా విమానంలోనే ఉంది, దిగడానికి రెండున్నర గంటలకు పైగా ఉంది" అంది. నేను ఫోను చేసిన వేళలన్నీ అక్కడ అర్ధరాత్రి దాటిన వేళలని అప్పుడు అర్థమైంది.

ముందు ఆ మూడు అంకెల సంగతి. మైలు, కిలోమీటరు మనకు తెలిసినవే. నాటికల్ మైలు ఓడలవారి కొలత, అది 1.852 కిలోమీటర్లు. భూమి మీద ఉత్తర దక్షిణాలుగా ఒక అక్షాంశ డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం దాదాపు అంత పొడవు ఉంటుంది. సముద్రం మీద మైలురాళ్ళు ఉండవు కాబట్టి ఓడలవారు భూమినే కొలబద్దగా చేసుకున్నారు, విమానాలవారు ఆ కొలతనే తీసుకున్నారు. మూడు అంకెలూ ఒకే దూరాన్ని చెబుతున్నాయన్న మాట.

ఆ దూరం ఏ దారిన కొలిచినది అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మా వీధి చివర భూగోళశాస్త్రం బోధించి రిటైరైన ఒడియా మాస్టారు ఒకరు ఉన్నారు. ఆయన ఇంట్లో 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు ఉంది. మా ఆవిడ పూలు కట్టుకునే తెల్ల దారం ఒక మూర పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. గోడ మీద పటంలో చూస్తే హైదరాబాదు నుంచి డల్లాసుకు దారి పడమటగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతున్నట్టు కనిపిస్తుంది. గ్లోబు మీద దారాన్ని ఆ దారినే పరచి, మధ్యలో జారకుండా ఇద్దరమూ వేళ్ళతో నొక్కిపట్టి కొలిచాము: దాదాపు నలభై ఒకటిన్నర సెంటీమీటర్లు వచ్చింది. తరువాత ఆయన మధ్యలోని వేళ్ళు తీసేయమని, రెండు ఊళ్ళ దగ్గర మాత్రమే పట్టుకుని దారాన్ని బిగువుగా లాగమని చెప్పారు. లాగగానే దారం ఆఫ్రికా మీద నుంచి జారి, ఐరోపా దాటి, గ్లోబు నెత్తిమీదకు ఎక్కి అక్కడ నిలిచింది. ఇప్పుడు అది హైదరాబాదు నుంచి ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరానికి బయలుదేరి, హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి, కెనడా మీదుగా దక్షిణానికి దిగి డల్లాసుకు చేరుతోంది. పొడవు 34 సెంటీమీటర్లు. ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు, హెచ్చిస్తే 14,450. పుటలో చెప్పిన అంకె దారంతో కొలిచినా వచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

హైదరాబాదు 78వ తూర్పు రేఖాంశం మీద, డల్లాస్ 97వ పడమటి రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 175 డిగ్రీలు, అంటే భూగోళానికి దాదాపు అటువైపూ ఇటువైపూ. అటువంటి రెండు ఊళ్ళు రెండూ ఉత్తరార్ధగోళంలోనే ఉంటే దగ్గర దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. పటం మీద అడ్డంగా గీసిన గీత కంటే ఇది మూడు వేల కిలోమీటర్లకు పైగా తక్కువ. గోడ పటాన్ని నమ్మి పిల్లలకు దిక్కులు చెప్పే పెద్దలందరూ ఒక్కసారి ఈ దారం పని చేసి చూడాలని నా కోరిక.

అయితే అమ్మ ఆ దారాన వెళ్ళలేదు. అప్పటికి హైదరాబాదు నుంచి డల్లాసుకు నేరుగా పోయే విమానం లేదు. ఆమె దుబాయిలో మారింది. హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,550, దుబాయి నుంచి డల్లాసుకు సుమారు 12,900 కిలోమీటర్లు, మొత్తం 15,450. అంటే దారం లెక్క కంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. నేరుగా 14,420 కిలోమీటర్లు ఎగరగల విమానాలు లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని ఒకే విమానం ఎక్కడా ఆగకుండా పద్దెనిమిది గంటలకు పైగా ఎగిరి చేరుతోంది. కాని అంత దూరానికి ఇంధనమే కొండంత బరువు. ఆ బరువును మోయడానికే మళ్ళీ కొంత ఇంధనం ఖర్చవుతుంది. సీట్లు నిండుగా, రోజూ నిండుగా ఉంటే తప్ప ఆ ఖర్చు గిట్టదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. అది ఎక్కువ కాలం నిలవలేదు.

దారం మీద దేశాల సరిహద్దులు ఉండవు, ఆకాశానికి ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత అమెరికా, ఐరోపా విమాన సంస్థలకు రష్యా తన గగనతలాన్ని మూసివేసింది; ధ్రువం పక్కనుంచి పోయే దగ్గర దారులు వారికి పోయాయి. 2025 ఏప్రిల్ చివర పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినప్పుడు, ఢిల్లీ నుంచి అమెరికా పోవలసిన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టి పోవలసి వచ్చి, కొన్ని ఇంధనం కోసం దారిలో వియన్నాలో దిగవలసి వచ్చింది. 2019లోనూ కొన్ని నెలలపాటు ఇదే జరిగింది. ఊళ్ళు కదలలేదు, వాటి మధ్య దూరం మారలేదు, ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది. సరిహద్దు ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఇది బాగా తెలిసిన సంగతి. పాతపట్నం దాటడానికి మమ్మల్ని ఎవరూ ఆపరు గాని, 2020లో కరోనా రోజుల్లో ఆ పావుగంట దారి మూతపడినప్పుడు అది ఎంత దూరమైపోయిందో మా ఊరివారికి తెలుసు.

ఇక గాలి. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. మహేంద్రగిరి మా జిల్లాలోని బాగా ఎత్తయిన కొండల్లో ఒకటి, దాదాపు 1,500 మీటర్లు. దానికి ఏడింతల ఎత్తున పెద్ద విమానాలు ఎగురుతాయి. ఆ ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు గాలి ఏరులా ప్రవహిస్తుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం ఎక్కువ. గంటకు 150 కిలోమీటర్లు సామాన్యం, ఒక్కోసారి 300 దాటుతుంది. విమానం గాలిలో ఎంత వేగంతో పోతున్నా, ఆ గాలి తాను కదులుతూ ఉంటే నేల మీద లెక్కకు ఆ కదలిక కలుస్తుంది లేదా తగ్గుతుంది. మా మహేంద్రతనయలో వరద రోజుల్లో ఏటివాలుకు పోయే పడవకూ, ఏటికి ఎదురు పోయే పడవకూ ఉన్న తేడాయే ఇది. అమ్మ వెళ్ళేటప్పుడు దుబాయి నుంచి డల్లాసుకు 16 గంటల 10 నిమిషాలు, తిరిగి వచ్చేటప్పుడు డల్లాస్ నుంచి దుబాయికి 14 గంటల 30 నిమిషాలు. దూరం అదే 12,900. వెళ్ళేటప్పుడు సగటున గంటకు 800, వచ్చేటప్పుడు 890 కిలోమీటర్లు పడ్డాయి. నేను భాగించడానికి వాడిన 900 అనే అంకె గాలి ఏమాత్రం వీచని ఆకాశానిది; పైగా విమానం గేటు వదిలి రన్‌వే వరకు మెల్లగా నడవడం, పైకి ఎక్కడం, దిగడం, మళ్ళీ గేటు చేరడం కూడా టికెట్టు మీది కాలంలో ఉంటాయి.

గాలి కోసం ఎక్కువ దూరం పోయినా తక్కువ కాలంలో చేరవచ్చునన్న దానికి చక్కని ఉదాహరణ ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో విమానం. ఎయిర్ ఇండియా దాన్ని 2015 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు పడమటగా అట్లాంటిక్ మీదుగా నడిపింది. సుమారు 13,900 కిలోమీటర్లు, పదహారున్నర గంటలు. 2016 అక్టోబరులో దారి మార్చి తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, కాలం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి రెండు గంటలు ముందు చేరడం నేల మీద ఏ బస్సుకూ సాధ్యం కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా తొలి విమానాన్ని నడిపిన నలుగురూ స్త్రీలే; కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలోని ఆ జట్టులో పాపగారి తన్మయి ఉన్నారని చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ రెండు ఊళ్ళ మధ్య తిన్నని దూరం 13,993 కిలోమీటర్లు. వారు ఎగిరినది దాదాపు 16,000, పట్టినది సుమారు 17 గంటలు.

కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున మా ఊళ్ళో ఒడియావారితో కలిసి మేమూ అరటిదొప్పల పడవల్లో దీపాలు పెట్టి నీటిలో వదులుతాము. బోయిత బందాణ అంటారు. పూర్వం కళింగ వర్తకులు జావా, బాలి దీవులకు ఓడలు కట్టుకుని పోయిన జ్ఞాపకం అది. వర్షాలు వెనుకబట్టి గాలి ఈశాన్యం నుంచి తిరిగే ఆ రోజుల్లోనే వారు బయలుదేరేవారు. ఆ ఏడాది అమ్మ కూడా దొప్ప వదిలి, వారం తిరగకుండా విమానం ఎక్కింది. గాలి చూసుకుని ప్రయాణం పెట్టుకోవడం మనకు కొత్త కాదు.

గడియారం లెక్క ఇంకొక సంగతి. టికెట్టు మీద ఏ ఊరి వేళ ఆ ఊరిదే రాస్తారు. దుబాయి మనకంటే గంటన్నర వెనుక. డల్లాస్ నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు మనకంటే పదకొండున్నర గంటలు వెనుక, మిగిలిన కాలంలో పదిన్నర గంటలు వెనుక; వారు వేసవికి గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటారు. అమ్మ హైదరాబాదులో రాత్రి 10:00కు ఎక్కి, నాలుగు గంటలు ప్రయాణించి, దుబాయిలో రెండు గంటలు ఆగి, మళ్ళీ 16 గంటల 10 నిమిషాలు ప్రయాణిస్తే మొత్తం 22 గంటల 10 నిమిషాలు. మన వేళ ప్రకారం మరునాడు రాత్రి 8:10. అందులోంచి పదకొండున్నర తీసేస్తే డల్లాసులో ఉదయం 8:40. టికెట్టు మీద కనిపించిన పది గంటల నలభై నిమిషాలు ఇలా తయారయ్యాయి.

అమ్మకు మాత్రల వేళలు తప్పకూడదు. అందుకని నాన్నగారి పాత హెచ్‌ఎంటీ వాచీని ఆమె చేతికి పెట్టి పంపాను. రోజూ పొద్దున్న కీ ఇవ్వాలి. నల్ల తోలు పట్టీ, పసుపుబారిన డయలు. దాన్ని మార్చవద్దని, అందులో ఏడు కొట్టినప్పుడు ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి మరొకటి వేసుకోమని, ఆ మధ్యలో బయట ఎండ ఉన్నా చీకటి ఉన్నా పట్టించుకోవద్దని డాక్టరుగారిని అడిగి మరీ చెప్పాను. ఆమె డల్లాసులో దిగి గోడ మీద గడియారం చూసింది. అది 8:40, చేతి వాచీ 8:10. చెల్లెలు కనిపించగానే అమ్మ అన్న మొదటి మాట, "వాచీ అరగంట వెనకబడిపోయిందే, అక్కడికి వెళ్ళాక బాగుచేయించాలి" అని. పన్నెండు గంటల డయలు మీద పదకొండున్నర గంటల తేడా అరగంటలాగే కనబడుతుంది. సగం భూగోళం చుట్టి వచ్చిన మనిషికి చేతి వాచీ చూపిన తేడా ముల్లు జానెడు కదలినంత కూడా లేదు!

తిరుగు ప్రయాణం మాఘమాసంలో. ఈసారి నేను లెక్క ముందే వేసి కాగితం మీద రాసుకున్నాను. సోమవారం ఉదయం 11:30కు డల్లాసులో బయలుదేరడం, మంగళవారం రాత్రి 7:50కు హైదరాబాదులో దిగడం. టికెట్టు చూస్తే 32 గంటల 20 నిమిషాలు కనిపిస్తుంది. పదకొండున్నర తీసేస్తే నిజంగా 20 గంటల 50 నిమిషాలు. రానుపోను టికెట్టు మీది అంకెలు రెండూ కలిపితే 43 గంటలు, నిజంగా పట్టినవి రెండూ కలిపినా 43 గంటలు. వెళ్ళేటప్పుడు గడియారం దాచుకున్న గంటలను వచ్చేటప్పుడు పైసాతో సహా చెల్లించింది. టైమ్ జోన్ల పట్టిక చేతిలో లేనివారు రెండు టికెట్ల అంకెలూ కలిపి సగం చేసుకుంటే ఒక వైపు ప్రయాణం సుమారుగా తెలిసిపోతుంది, మధ్యలో గడియారాలు మార్చే రోజు రాకపోతే.

మావుసీకి నేను చెప్పవలసి ఉండిన జవాబు మాత్రం ఈ అంకెలేవీ కావు. అమ్మ మా ఇంట్లో గడప దాటినది ఉదయం పదిన్నరకు. విశాఖపట్నం వరకు కారులో నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ, హైదరాబాదుకు గంటంబావు విమానం, మళ్ళీ నాలుగు గంటల నిరీక్షణ, తరువాత నేను చెప్పిన 22 గంటల 10 నిమిషాలు, డల్లాసులో చక్రాల కుర్చీలో ఇమిగ్రేషన్ వరుస, సామాను, చెల్లెలి ఇంటికి ముప్పావుగంట కారు. ఆ ఇంటి గడప తొక్కేసరికి మన వేళ మరునాటి రాత్రి పదిన్నర. గడప నుంచి గడపకు సరిగ్గా ముప్పై ఆరు గంటలు; అందులో విమానాల్లో గడిచినది ఇరవై ఒకటిన్నర లోపే. ఇప్పుడు మా వీధిలో ఎవరి పిల్లలు విదేశం వెళ్ళినా నా దగ్గరికి టికెట్టు పట్టుకుని వస్తారు. నేను ఒక కాగితం మీద అన్నీ మన వేళల్లోకి మార్చి, ఏ గంట వరకు ఫోను రాకపోయినా భయపడనక్కరలేదో కింద గీత గీసి రాసి ఇస్తాను.

అమ్మ ఆ మంగళవారం రాత్రి 8:35కు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. ఆ రాత్రి అక్కడ మా పిన్ని ఇంట్లో పడుకుని, మరునాడు విశాఖపట్నం మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరింది. మూడు నెలలూ ఆమె ఆ వాచీని మార్చలేదట; మాకు ఫోను చేయడానికి ఏ వేళ మంచిదో దాన్ని చూసే తెలుసుకునేదట. చేతి నుంచి తీసి ఇచ్చినప్పుడు గోడ గడియారం పక్కన పెట్టి చూశాను. రెండు నిమిషాలు వెనుక ఉంది. అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ముల్లు సరిచేసి, కీ ఇచ్చి, గూట్లో నాన్నగారి ఫొటో పక్కన పెట్టింది.